దేహము, ఆహారము, నివాసము: అండమాను నికోబారు దీవులు నేర్పు ఆరోగ్య పాఠము

లేవీయకాండమును శ్రద్ధతో చదువువారు ఒక సంగతిని గమనింతురు. పదకొండవ అధ్యాయము మనుష్యులు తినదగినవాటిని, తినదగనివాటిని గూర్చి చెప్పుచున్నది. పదమూడవ అధ్యాయము చర్మముమీద కనబడు పొడను గూర్చియు, ధరించు వస్త్రమును గూర్చియు చెప్పుచున్నది. పదునాలుగవ అధ్యాయము నివసించు ఇంటి గోడలవరకు వచ్చుచున్నది. తెలుగు బైబిలులో చర్మమునకును, వస్త్రమునకును, గోడకును కుష్ఠు అను ఒకే మాట వాడబడినది. గోడకు వ్యాధి రాదు గనుక, నేటి వైద్యులు ఆ పేరుతో పిలుచు ఒక్క రోగమునకే ఆ మాట చెందినది కాదని తెలియుచున్నది. ఈ అధ్యాయములు పరిశుద్ధతను గూర్చినవే గాని వైద్య గ్రంథములు కావు. అయినను యాజకుని పరీక్ష శరీరముతో ఆగిపోక, బట్టలకును ఇంటికిని వ్యాపించియుండెను.

నేటి ఆరోగ్యశాస్త్రము వేరొక మార్గమున ఇట్టి చూపునకే వచ్చినది. మనుష్యుని ఆరోగ్యము అతడు నివసించు పరిసరములమీదను, భుజించు ఆహారముమీదను, పుట్టుకతోను పెరుగుదలతోను అతని దేహమునకు కలిగిన శక్తులమీదను ఆధారపడియున్నది. ఈ మూడింటిలో ఒకదానిని మార్చినయెడల తక్కిన రెండును కదలును. ఈ సత్యము అండమాను నికోబారు దీవుల చరిత్రలో బహు స్పష్టముగా కనబడుచున్నది. అక్కడ మేలు చేయ వెళ్లినవారు కొందరు తామే మరణించిరి; మరికొందరి మేలు ఇతరుల మరణమునకు త్రోవ తీసెను. అట్లు జరుగుటకు కారణమేమో తెలిసికొనుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. దీవులు, వాటి నివాసులు

ఈ దీవులు బంగాళాఖాతములో విశాఖపట్టణమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నవి. అవి తెలుగువారికి పరాయి స్థలములు కావు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి చేపల వేటకును, కూలిపనికిని, వర్తకమునకును వెళ్లి స్థిరపడిన కుటుంబములు అక్కడ వేలకొలది కలవు. 2011 జనాభా లెక్కల ప్రకారము దీవులలోని సుమారు 3,80,000 మందిలో రమారమి ఎనిమిదవ వంతు తెలుగు మాతృభాషగా గలవారు. ముఖ్య పట్టణమైన పోర్టు బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురము అని పేరు మార్చబడినది.

అండమాను దీవులలో గ్రేట్ అండమానీయులు, ఓంగీలు, జరవాలు, సెంటినెలీయులు అను నాలుగు ఆదిమ జాతులును, నికోబారు దీవులలో నికోబారీయులు, షోంపెన్లు అను రెండు జాతులును బహుకాలమునుండి నివసించుచున్నారు. బ్రిటిషువారి కాలములో ఖైదీలును, దేశ విభజన తరువాత తూర్పు బెంగాలునుండి కాందిశీకులును, పిమ్మట తక్కిన రాష్ట్రములవారును వచ్చి చేరిరి. సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియు ఈ నేలలో దట్టమైన అడవులును, తీరము పొడవున మడ అడవులును, ఉప్పునీటి చిత్తడులును కలవు. ఒక దీవిని మరియొక దీవినుండి సముద్రము వేరుచేయుటచేత, ఏ రోగము ఎక్కడనుండి వచ్చెనో, ఏ మార్పువలన పెరిగెనో ఇచ్చట తేటగా చూడవచ్చును.

2. నివాసము: నాన్‌కౌరీ సమాధులు

1756లో తరంగంబాడినుండి డేనిష్ వారు నికోబారు దీవులలో వలస స్థాపింప ప్రయత్నించిరి. జ్వరములు వారిని నిలువనియ్యలేదు. 1768లో మొరావియన్ సహోదరులు నాన్‌కౌరీ దీవికి వచ్చిరి. వారు తమ చేతులతో అడవి నరికి, ఇండ్లు కట్టి, తోటలు వేసి, అక్కడివారి భాష నేర్చుకొన సాగిరి. ఒకరు మరణించినప్పుడెల్ల మరియొకరు తరంగంబాడినుండి వచ్చి ఆ స్థానమున నిలిచిరి. పందొమ్మిది సంవత్సరములు ఇట్లు జరిగెను. పదిమందికి పైగా అక్కడనే సమాధి చేయబడిరి. మరి కొందరు తరంగంబాడికి తిరిగి వచ్చిన పిమ్మట అదే జ్వరముతో మరణించిరి. 1779లో వచ్చిన జాన్ గాట్‌ఫ్రీడ్ హేన్సెల్ చివరివరకు ఉండి 1787లో ఆ పని ముగించి వచ్చెను.

ఇది ఆ సహోదరులకు మాత్రమే సంభవించినది కాదు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమానులో స్థాపించిన బ్రిటిషు వలస, 1792లో ఉత్తరపు రేవునకు మార్చబడి, రోగములవలనను మరణములవలనను 1796లో విడిచిపెట్టబడెను.

ఆనాటివారు చెడు గాలివలన జ్వరము కలుగునని తలంచిరి. మలేరియా అను ఇటాలియను మాటకే చెడుగాలి అని అర్థము. మన ఏజెన్సీ ప్రాంతములలో దానినే మన్యపు జ్వరమనిరి. అసలు కారణము తెలియుటకు, నాన్‌కౌరీ విడిచిపెట్టబడిన తరువాత 110 సంవత్సరములు పట్టెను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1912లో ఎస్. ఆర్. క్రిస్టోఫర్స్ అండమాను మలేరియాను పరిశోధించి, అది తీరపు ఉప్పు చిత్తడులలో పెరుగు ఒక జాతి దోమవలన వ్యాపించుచున్నదని చూపెను. నేడు అనాఫిలిస్ సుండైకస్ అని పిలువబడు ఈ దోమ, ఇతర దోమలు సహింపలేని ఉప్పునీటిలో గ్రుడ్లు పెట్టగలదు.

ఇప్పుడు నాన్‌కౌరీ సంగతి అర్థమగుచున్నది. పడవలు నిలుపుటకు అనుకూలమైన రేవు, దాని ప్రక్కనే చిత్తడి, ఆ చిత్తడి ప్రక్కనే ఇండ్లు. సహోదరుల విశ్వాసమునకు గాని, శ్రమకు గాని లోపము లేదు. అక్కడి ప్రజలకు జ్వరము రాలేదని కూడ తలంచరాదు. ఎడతెగక మలేరియా గల స్థలములలో పుట్టిన పిల్లలు పలుమారు జ్వరమునకు గురియగుదురు. వారిలో అనేకులు బాల్యముననే మరణింతురు. మిగిలినవారి దేహము కొంత శక్తిని సంపాదించుకొనును. ముప్పది సంవత్సరముల వయస్సులో యూరోపునుండి వచ్చినవానికి ఆ శక్తి లేదు. ఒకే దోమ, ఒకే క్రిమి; కుట్టబడిన దేహముల గత చరిత్ర వేరు.

3. ఒకే రోగము, వేరు నడవడి

గోదావరి మండలములవారికి బోదకాలు తెలియనిది కాదు. మురికి కాలువలలో పెరుగు క్యూలెక్స్ దోమ రాత్రివేళ కుట్టుటవలన ఈ వ్యాధి వ్యాపించును. రోగి దేహములోని సూక్ష్మమైన పురుగులు పగలు లోపలి అవయవములలో దాగియుండి, రాత్రి రక్తములోనికి వచ్చును. ఆ కారణముచేతనే ఆరోగ్య సిబ్బంది రాత్రి ఇంటింటికి వచ్చి రక్తము తీసెడివారు.

నాన్‌కౌరీ దీవుల సముదాయములోను ఈ వ్యాధి కలదు. పురుగు జాతియు అదియే. అయితే అక్కడ దానిని మోయునది అడవిలో చెట్టు తొర్రలలో నిలిచిన నీటిలో పెరిగి, పగటివేళ కుట్టు దోమ. పురుగు కూడ ఆ దోమకు అనుకూలముగా పగటివేళ రక్తములో అధికముగా తిరుగును. భారతదేశములో మరెక్కడను బోదకాలు పురుగునకు ఈ నడవడి లేదు. కాబట్టి కాకినాడలో మంచి సలహా అయిన దోమతెర, పగలు కొబ్బరితోటలో పనిచేయు నాన్‌కౌరీ మనుష్యునికి చాలదు. మురికి కాలువలు శుభ్రపరచుటవలన కూడ అడవి దోమ తగ్గదు. స్థలమును ఎరుగక చెప్పిన ఆరోగ్య బోధ, సత్యమైనదైనను, నిష్ఫలము కాగలదు.

ఉత్తర అండమానులోని డిగ్లిపూరు ప్రాంతమున 1988నుండి వర్షాకాలము ముగియు దినములలో ఒక భయంకరమైన జ్వరము కనబడెను. బలముగానున్న రైతులు జ్వరముతోను, ఒళ్లు నొప్పులతోను పడిపోయి, ఊపిరితిత్తులలో రక్తస్రావమై కొద్ది దినములలో మరణించిరి. దానికి పేరు తెలియక అండమాను రక్తస్రావ జ్వరమనిరి. 1983లో పోర్టు బ్లెయిర్‌లో స్థాపింపబడిన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రమువారు 1990 దశకమున పరిశోధించి, అది లెప్టోస్పైరోసిస్ అని నిర్ధారించిరి. ఎలుకలు, పశువులు, పందుల మూత్రములోనుండి ఈ క్రిములు తడి నేలలోనికి చేరును. నీటిలో నానిన పాదముల పగుళ్లద్వారా, గాయములద్వారా మనుష్యుని దేహములోనికి ప్రవేశించును.

కాందిశీకులు అడవి కొట్టి వరిపొలములు చేసిరి. ధాన్యముతో ఎలుకలును, పొలముతో పశువులును వచ్చినవి. బురదలో వట్టికాళ్లతో నిలిచి పనిచేయుట వారి జీవనాధారము. వారికి అన్నము పెట్టిన పొలమే వారికి జ్వరమును కూడ ఇచ్చెను. పొలము మానుమని ఎవరును చెప్పజాలరు. అయితే జ్వరము వచ్చిన తొలి దినములలోనే వైద్యశాలకు వచ్చినయెడల సామాన్యమైన మందులతో ప్రాణము దక్కును. కోతల కాలమున వారమునకొకసారి డాక్సీసైక్లిన్ ఇచ్చి అక్కడ చేసిన పరీక్షలో, క్రిమి ప్రవేశము ఆగకపోయినను జబ్బు పడువారి సంఖ్య తగ్గెను. డెల్టా ప్రాంతముల రైతులకును ఈ జ్ఞానము ఉపయోగకరమే.

4. దేహము: తట్టు చేసిన నాశనము

1858లో బ్రిటిషువారు పోర్టు బ్లెయిర్‌లో ఖైదీల వలసను స్థాపించినప్పుడు గ్రేట్ అండమానీయులు కొన్ని వేలమంది యుండిరి. 1863లో చాప్లెయిన్ హెన్రీ కార్బిన్ రాస్ దీవిలో వారికొరకు ఒక గృహము తెరచెను. వారిని స్నేహితులుగా చేసికొనవలెననియు, చదువును పనులను నేర్పవలెననియు అతని ఉద్దేశము. ఇట్టి గృహములు మరికొన్ని ఏర్పడెను. అడవిలో చిన్న చిన్న గుంపులుగా దూరదూరముగా తిరిగినవారు ఒక్కచోట చేరి, ఖైదీలకును సిపాయిలకును సమీపముగా నివసించిరి. సిఫిలిస్ వ్యాపించెను. 1877లో తట్టు, అనగా పొంగు, వచ్చెను. 1901 జనాభా లెక్కలలో వారు 625 మంది. 1961లో 19 మంది.

వారి రక్తము బలహీనమైనదని ఆనాడు కొందరు వ్రాసిరి. అది తప్పు తలంపు. 1846లో ఉత్తర అట్లాంటికు సముద్రములోని ఫారో దీవులకు ఒక ఓడతో తట్టు వచ్చినప్పుడు, అక్కడి సుమారు 7,800 మంది యూరోపీయులలో 6,000 మందికి పైగా పడకపట్టిరి. 65 సంవత్సరముల క్రిందట, 1781లో, తట్టు వచ్చి బ్రదికిన వృద్ధులకు మాత్రము అది మరల రాలేదని పీటర్ పానుమ్ అను డేనిష్ వైద్యుడు గమనించెను. తట్టు ఎడతెగక నిలుచుటకు పెద్ద జనసమూహము కావలెను. చిన్న దీవులలో అది తనంతట తాను నిలువదు, ఓడమీద వచ్చును. వచ్చినప్పుడు దానిని మునుపు ఎరిగిన దేహము ఒకటియు ఉండదు. పిల్లలు, తల్లిదండ్రులు, వేటగాండ్రు అందరు ఒకేసారి పడిపోవుదురు. నీళ్లు తెచ్చువాడు, ఆహారము తెచ్చువాడు లేక, రోగము చంపనివారిని ఆకలియు దాహమును చంపును.

పుట్టుకతో వచ్చిన శక్తులకును ఇందులో స్థానము లేదని కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు 2005లో, ఓంగీలును గ్రేట్ అండమానీయులును వేల తరములుగా తక్కిన ప్రపంచమునకు దూరముగా జీవించిన అతి పురాతన వంశమువారని తల్లివైపు జన్యువుల పరిశీలనవలన చూపిరి. అంతకాలము వేరుగానున్న చిన్న సమూహములో జన్యువుల వైవిధ్యము తక్కువగానుండును. క్రొత్త రోగమును ఎదిరించుటకు అదియు ఒక ఇబ్బంది. అయినను వారి నాశనమునకు ముఖ్య కారణము వంశము కాదు. సిద్ధపాటు లేని సమీపత.

దీనికి సాక్ష్యము ఇటీవలి చరిత్రలో కలదు. 1990 దశకము చివర జరవాలు అడవినుండి బయటికి రాసాగిరి. 1999లోను 2006లోను వారికి తట్టు సోకెను. ఈసారి వైద్యులు వారిని కనిపెట్టి చికిత్స చేసిరి. 2001 లెక్కలలో 240గా నున్న వారి సంఖ్య 2011లో 380 అయ్యెను. 2020లో కోవిడ్ గ్రేట్ అండమానీయులలో పదిమందికి సోకగా అందరును కోలుకొనిరి. దేహములు అవే, కనిపెట్టి చూచు విధము మారెను.

5. ఆహారము: సునామీ తరువాతి అన్నము

నికోబారీయుల పూర్వపు ఆహారము కొబ్బరి, చేప, పంది మాంసము, దుంపలు, మరియు మన మొగలిపొదకు బంధువైన ఒక చెట్టు కాయ. ఆ పెద్ద కాయను ఉడికించి, పీచు తీసి, గుజ్జును ముద్దగా చేసి తినుదురు. ఈ ఆహారము వెనుక పని యున్నది: చెట్టెక్కుట, పడవ నడుపుట, తోట బాగుచేయుట, మైళ్లకొలది నడచుట.

2004 డిసెంబరు 26న భూకంపమును సునామీయు తీర గ్రామములను తుడిచివేసినవి. వేలమంది మరణించిరి. అనేక తావులలో నేలయే క్రుంగి, కొబ్బరితోటలు ఉప్పునీట మునిగెను. బ్రదికినవారిని లోపలి మెరకలకు తరలించి, రేకుల ఇండ్లు కట్టి, బియ్యము, పంచదార, నూనె, పొట్లములలోని తినుబండారములు పంచిరి. ఆ దినములలో ఆ సహాయము లేనియెడల ప్రజలు బ్రదుకజాలరు. అయితే అత్యవసర దినములు గడచిన పిమ్మటను ఆ ఆహారపు అలవాటు నిలిచెను; తోటయు పడవయు పోయినవారికి పని తగ్గెను. కొన్ని సంవత్సరముల తరువాత కారు నికోబారులో వయోజనులను పరీక్షించిన పరిశోధకులు సుమారు సగముమందిలో అధిక రక్తపోటును కనుగొనిరి. 2011లో ఈ సంగతి ప్రచురింపబడెను. దీనికి ఆహారము ఒక్కటే కారణమనుట సరికాదు. వయస్సు, స్థూలకాయము, మద్యపానము, దుఃఖము కూడ లెక్కింపదగినవి.

తెలుగువారు దీనిని దూరపు కథగా చదువరాదు. ఉత్తర సర్కారుల జిల్లాలలో పూర్వము బెరిబెరి వ్యాధి యుండెను. దంపుడు బియ్యమునకు బదులు మరపట్టిన తెల్లని పచ్చిబియ్యము తినుటవలన, తవుడులోని బి-1 విటమిను పోయి, కాళ్లు తిమ్మిరెక్కి గుండె చెడెడిది. ఉప్పుడు బియ్యము తినువారికి ఆ విటమిను కొంత మిగిలెడిది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకై రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నిలిచియున్నది. మంచిదని తలంచబడు తెల్లని అన్నము హాని చేయగలదని మన పెద్దలు ఒకప్పుడు తమ కాళ్లతోనే నేర్చుకొనిరి.

6. ప్రేమకు తోడుగా ఎరుక

ఈ మూడు సంగతులను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. నాన్‌కౌరీలో బయటివారికి స్థలమే హాని చేసెను. రాస్ దీవిలో బయటివారి సమీపతయే స్థలపువారికి హాని చేసెను. కారు నికోబారులో ఇచ్చిన ఆహారము, ఇచ్చిన కాలము దాటి నిలుచుటవలన హాని చేసెను. ఈ మూడింటిలోను మేలు కోరినవారు ఉండిరి. అయినను రోగము వారి ఉద్దేశమును అడుగదు.

మొరావియనుల తరువాత నూరు సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట, కారు నికోబారులో సువార్త వేరూనెను. అక్కడ పుట్టి, ఆ దీవి బైబిలు తర్జుమా పనిలో ముఖ్యుడై, తరువాత బిషప్పు అయిన జాన్ రిచర్డ్‌సన్ ఆ నీటిని, ఆ ఆహారమును, ఆ ఋతువులను చిన్ననాటినుండి ఎరిగినవాడు. స్థలమును ఎరిగినవారి చేతిలో పని నిలిచెను. ఆరోగ్యసేవయు ఇట్లే స్థలపు ఆరోగ్య కార్యకర్తలచేత నిలుచును.

నేడు గ్రేట్ నికోబారు దీవిలో ఓడరేవు, విమానాశ్రయము, విద్యుత్ కేంద్రము, పట్టణము నిర్మించు ప్రణాళికకు 2022లో పర్యావరణ అనుమతి ఇయ్యబడినది. 2011 లెక్కలలో 229 మంది మాత్రమేయైన షోంపెన్లు ఆ దీవి అడవులలోనే జీవించుచున్నారు. వేలమంది క్రొత్తవారు రాబోవు చోట వారి దేహములకు, ఆహారమునకు, అడవికి ఏమగునను ప్రశ్న, గ్రేట్ అండమానీయుల కథ చదివినవారు తప్పక అడుగవలసినది.

తెలుగు కుటుంబములకును సంఘములకును కొన్ని కర్తవ్యములు కలవు. దీవులకు పనికై వెళ్లువారు టీకాలు వేయించుకొని వెళ్లవలెను. జ్వరము వచ్చినయెడల స్వంత వైద్యము మాని రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఆదిమ జాతుల రక్షణకై 1956లో చేయబడిన నిబంధనను గౌరవించి, వారిని చూచుటకు గాని, వారికి తినుబండారములు ఇచ్చుటకు గాని ప్రయత్నింపరాదు. ఒక బిస్కట్టు పొట్లముతో చేయి మాత్రమే కాదు, ఊపిరి కూడ దగ్గరకు వచ్చును. వరదలలోను తుఫానులలోను సహాయము పంపు సంఘములు, అక్కడివారు ఏమి తినుదురో, ఏ నీరు త్రాగుదురో, ఎంతకాలము సహాయము కావలెనో ముందుగా వారినే అడుగవలెను. గాయపడినవానికి సహాయము చేసిన సమరయుడు మొదట దగ్గరకు వచ్చి గాయములను చూచెను. ఆ తరువాతనే నూనెయు ద్రాక్షారసమును పోసెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ గ్రామములో లేక వీధిలో తరచుగా వచ్చు జ్వరము ఏది? దానికి నీరు, దోమ, పొలము, ఇల్లు ఎట్లు సంబంధించియున్నవి?

2. మీ తాతల కాలపు ఆహారములో నేడు మీ ఇంట లేనివి ఏవి? వాటితోపాటు ఏ శరీరశ్రమ తగ్గినది?

3. ఒక సమూహము రోగముతో క్షీణించినప్పుడు దానిని వారి వంశమునకు ఆరోపించుట ఎందుచేత తప్పు? ఫారో దీవుల సంగతితో పోల్చి చెప్పుడి.

4. మీ సంఘము ఇటీవల చేసిన ఒక సహాయమును జ్ఞాపకము చేసికొనుడి. దానిని పొందినవారిని ముందుగా ఏమి అడిగితిరి? ఏమి అడుగవలసియుండెను?